పదహారో గూడు దగ్గర రెండు ఎర్రదీపాలు

జూలై 9, బుధవారం

ఈ రోజు పందొమ్మిది బండ్లు వెళ్ళాయి. కిందికి పదకొండు, పైకి ఎనిమిది. అన్నిటి ముఖాలూ, వెనకభాగాలూ ఫొటో తీశాను. నాలుగో బండి ఇంజన్ ఎడమ దీపం గాజులో వెంట్రుకంత చీలిక ఉంది. పోయిన వారం అది లేదు. పన్నెండో బండి వెనక దీపం చుట్టూ రబ్బరు పట్టీ ఊడిపోయి లోపల నీటి బొట్లు నిలిచాయి. నమోదు చేశాను.

బుధవారం బండి ఆగలేదు.

మామూలుగా అది పదింటికి పై సొరంగంలోంచి వచ్చి మా గది ఎదురుగా నాలుగు నిమిషాలు ఆగుతుంది. చివరి పెట్టెలో బియ్యం, పప్పు, మందులు ఉంటాయి. బుద్రయ్యన్న ఖాళీ సంచులు భుజాన వేసుకుని అరగంట ముందే పట్టాల పక్కన నిలబడ్డాడు. బండి వేగం తగ్గలేదు. దాని గాలికి సంచులు ఎగిరి లోయలో పడ్డాయి.

"ఏటిది సెల్లెమ్మా, మనం కనపళ్ళేదేటి దీనికి?" అన్నాడు.

"ఏదో పొరపాటయి ఉంటుంది. వచ్చే వారం ఆగుతుందిలే."

"పోయిన వారం పెట్టి కాళీగా వచ్చింది. ఈ వారం ఆగనే లేదు. బియ్యం పది రోజులకే ఉన్నాయి, తెలుసా?"

కిల్లో బుద్రయ్య ఈ గూటిలో లైన్‌మన్. యాభై మూడేళ్ళు. పట్టాల మీద పడ్డ రాళ్ళు తీయడం, కాలవలు బాగుచేయడం ఆయన పని. వంట కూడా ఆయనే చేస్తాడు, నా వంట తినలేక. నేను దీపాల గుమస్తాని. కాగితం మీద నా ఉద్యోగానికి పెద్ద పేరే ఉంది కానీ అందరూ అనేది ఇదే. బండ్లకు డ్రైవర్లు లేరు. ముందు ఏముందో అవే చూసుకుంటాయి, తమ ముఖం మాత్రం తాము చూసుకోలేవు. పట్టాల పక్కన పెట్టిన కెమెరాలకు ఈ మంచులో ఆరు నెలలకే బూజు పడుతుంది. అందుకని మనిషిని పెట్టారు.

గూడు అంటే కొండ గోడకు అతుక్కున్న రెండు గదులు. పైన ఒక సొరంగం, కింద ఒక సొరంగం, మధ్యలో ఏడు వందల మీటర్ల ఆకాశం. ఒకప్పుడు జీపు దారి ఉండేది. రెండేళ్ళ కిందటి వానలకు కొండతో పాటు జారిపోయింది. జీపు మాత్రం మా దగ్గరే మిగిలిపోయింది.

జూలై 10

వాన. పదహారు బండ్లు. ఆఫీసుతో మాట్లాడే పెట్టె వారం నుంచీ చచ్చిపడి ఉంది. బుద్రయ్యన్న మళ్ళీ విప్పి తుడిచి బిగించాడు. "తడి తగిలింది," అన్నాడు. నేను అవునన్నాను.

పైకి వెళ్ళే కార్ల బండి పదకొండింటికి వచ్చింది. ఇంజన్ వెనకే తెరిచిన వ్యాగన్ల మీద కొత్త కార్లు, వ్యాగన్‌కి ఎనిమిది. ఈసారి కొత్త నమూనా. ముందు దీపాలు సన్నగా, కనుబొమ్మ కింద సగం మూసిన కన్నులా ఉన్నాయి. వెనకవైపు ఒక చివర నుంచి రెండో చివరకు ఒకే ఎర్ర గీత. మధ్యలో అతుకు ఎక్కడుందో పెద్దది చేసి చూసినా కనపడలేదు. ఇలాంటి పనితనం చూసినప్పుడు కాసేపు ఇంకేమీ గుర్తుండదు నాకు.

జూలై 12

బుద్రయ్యన్న నడిచి వెళ్తానన్నాడు.

నేను వద్దన్నాను. కింది సొరంగం మూడు కిలోమీటర్లు. పూర్వం మనుషులు పక్కకు తప్పుకోవడానికి గోడలో అరలు ఉండేవట. ఇప్పుడు వాటి నిండా తీగలు. బండ్లలో చాలావాటికి వేళాపాళా లేదు.

"ఇరవై ఏళ్ళు నడిసినాను ఆ బొగదలో. నాకు సెప్పకు," అని టార్చి తీసుకుని తొమ్మిదింటికి వెళ్ళాడు.

పది నిమిషాలకే ఒక బండి కిందికి వెళ్ళింది. దాని వెనక దీపాలు సొరంగంలో కలిసిపోయేదాకా చూశాను. ఫొటో తీయలేదు. ఈ ఉద్యోగంలో నేను వదిలేసిన మొదటి బండి అది.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయన సొరంగం నోట్లో కనిపించాడు. పాకుతూ వస్తున్నాడు. గోడకు కరుచుకుని నిలబడ్డాడట. బండి మెట్టు ఇనుము కుడికాలి బూటును పట్టుకుని లాగింది. బూటు పోయింది. మడమ మీద తోలు సగం లేచిపోయింది. కడిగి గుడ్డ కట్టాను. మందుల డబ్బాలో అయోడిన్ అడుగున కొంచెం ఉంది.

"ఆరొందల అడుగులు ఎల్లినాను. అంతే," అన్నాడు. నొప్పికి కాదు, ఆ లెక్కకే సిగ్గుపడ్డాడు.

జూలై 14

ఇక్కడ ఒక సంగతి రాసుకోవాలి. ఎవరికీ చెప్పలేదు.

జూన్ 28న ఆఫీసు నుంచి కబురొచ్చింది. పదహారో గూడు మూసేస్తున్నాం, జూలై 2 బుధవారం బండిలో ఇద్దరూ దిగి రండి, సామాను కోసం పెట్టె ఖాళీగా పంపుతున్నాం అని. నేను ఒక్కదాన్నే చదివాను. బుద్రయ్యన్నకు చెప్పలేదు.

జూలై 6న గాజుదీపం ఇంజన్ కిందికి వెళ్తుందని నాకు తెలుసు. గుండ్రటి గాజు, దాని చుట్టూ ఇత్తడి కట్టు, లోపల అరిటాకు ఈనెల్లా గీతలు. అలాంటి దీపం ఉన్న ఇంజన్ ఈ లైన్ మీద అదొక్కటే మిగిలింది. కరిగించడానికి తీసుకెళ్తున్నారు. మంచులో ఎదురుగా వస్తుండగా దాన్ని తీయాలని నాకు మూడేళ్ళుగా ఉంది. ఒక్క వారమే కదా, 9న వెళ్దాం అనుకున్నాను. జూలై 2న బండి ఆగింది, తలుపు తెరుచుకుంది, నాలుగు నిమిషాల తర్వాత మూసుకుంది. ఖాళీ పెట్టె చూసి బుద్రయ్యన్న తిట్టుకున్నాడు. మేమిద్దరం ఎక్కేశామని యంత్రం రాసుకుంది. మర్నాడు మాటల పెట్టె చచ్చిపోయింది. తడి వల్ల కాదు, గూడు ఖాళీ అయిందని ఆఫీసే దాన్ని ఆపేసింది.

6న ఫొటో తీశాను. నేను తీసిన వాటన్నిటిలో అదే మంచిది.

ఆయన కాలు వాచింది. కట్టు విప్పితే వాసన వస్తోంది.

జూలై 15

పొద్దున్న ఎర్ర గుడ్డ ఊపుతూ పట్టాల పక్కన నిలబడ్డాను. మూడు బండ్లు కూత వేసి వెళ్ళిపోయాయి. నాలుగోదానికి పట్టాల మధ్యే నిలబడ్డాను. అది కూతను పెంచిందే తప్ప వేగం తగ్గించలేదు. చివరి క్షణంలో దూకాను. మోచెయ్యి గీరుకుపోయింది.

బుద్రయ్యన్న గుమ్మంలో పడుకుని అంతా చూశాడు. జ్వరంతో కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పిచ్చిదానా! దానికి మనిసీ మేకా ఒకటే. ఈ కొండ గాటులో మేక కోసం ఆపితే బండి ఎనక్కి జారిపోద్దని అలగ నేర్పినారు. ఆగదు."

"మరి దేనికి ఆగుతుంది?"

"ముందర ఇంకో బండి ఉంటే ఆగుద్ది. ఇంక దేనికీ ఆగదు."

ముందు బండిని వెనక బండి ఎలా గుర్తుపడుతుంది? వెనక దీపాలను చూసి. ఆ దీపాల ఫొటోలు నా దగ్గర పదకొండు వేలు ఉన్నాయి.

జూలై 16

తెల్లవారినప్పటి నుంచీ ఫొటోల మీద కూర్చున్నాను. రెండు ఎర్రదీపాలు. వాటి మధ్య ఎడం మీటరూ అరవై రెండు సెంటీమీటర్లు. పట్టా నుంచి ఎత్తు మీటరూ నలభై. ఆకారం పడుకోబెట్టిన అర్ధచంద్రం, బయటి కొస కిందికి వాలి ఉంటుంది. రెంటి కిందా తెల్ల పూత పలక. ఇవన్నీ నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. తెలియనిది మిణుకు. వరసగా తీసిన ఫొటోల్లో దీపం కొన్నిట్లో వెలిగి, కొన్నిట్లో ఆరి ఉంటుంది. ఇన్నాళ్ళూ ఆరినవాటిని పనికిరానివని పక్కన పడేశాను. ఇప్పుడు వాటినే వరసలో పెట్టి లెక్కపెట్టాను. రెండుసార్లు నిదానంగా, ఒకసారి చటుక్కున. మళ్ళీ రెండుసార్లు నిదానంగా. పనివాళ్ళ ఎర్రలైటు చూసి బండి పొరపడకుండా పెట్టిన గుర్తు అది.

జీపు వెనక దీపాలు ఊడదీశాను. బుద్రయ్యన్న కూర్చోలేక కూర్చుని, ఆకురాయితో గాజును అర్ధచంద్రంగా అరగదీశాడు. జీపు బ్యాటరీలో ప్రాణం ఉంది. మిణుకు మాత్రం మీటను చేత్తో నొక్కుతూ ఇవ్వాలి.

అరగదీస్తూ ఆయన ఆఫీసువాళ్ళను తిడుతున్నాడు. "మనుసుల్ని మరిసిపోనారు. పశువులకైనా ఒకడు కాపలా ఉంటాడు. నా కాలు పోతే ఆళ్ళని ఒగ్గను."

విన్నాను, విన్నాను, ఇక వినలేకపోయాను. చెప్పేశాను. కబురొచ్చిన తేదీ, దానిలో రాసింది, నేను ఎందుకు దాచిందీ, అంతా.

ఆకురాయి ఆగింది. ఆయన నా వైపు చూడలేదు. "ఆ పొటో సూపించు," అన్నాడు.

తెర ఆయన ముందు పెట్టాను. మంచులోంచి వస్తున్న ఇంజన్, దాని నుదుటి మీద గుండ్రటి పచ్చటి వెలుగు, ఇత్తడి కట్టు మీద నీటి చారలు. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

"బాగుంది," అన్నాడు. తెర నాకిచ్చేసి మళ్ళీ గాజు అరగదీయడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత రోజంతా ఒక్క మాట లేదు. గంజి ఇస్తే తాగాడు.

జూలై 17

కార్ల బండినే ఎంచుకున్నాం. అది ఎగువకు వెళ్ళేది, నెమ్మదిగా వస్తుంది, తొందరగా ఆగుతుంది. పైన గిరిపేటలో ఆసుపత్రి ఉంది. నిప్పంటుకుంటే వెంటనే తెరవాలని దారిలో ఉన్న కార్లకు తాళం వేయరు.

పొద్దున్న ఆయనే మాట మొదలుపెట్టాడు. "మీట నొక్కీది ఒకలు, ఎక్కీది ఒకలు."

"అవును. నువ్వు ఎక్కగానే దీపాలు తీసేస్తే బండి కదులుతుంది. నాకు పరిగెత్తి ఎక్కే టైముండదు."

ఆయన నేనైనా ఉంటానంటాడనో, వేరే దారి చూద్దామంటాడనో ఎక్కడో ఆశ పడ్డానేమో. "ఉండు. నువ్వే ఉండాల," అన్నాడు.

ఆయన్ను జబ్బ కింద పట్టుకుని, బండి ఆగుతుందనుకున్న చోట పట్టాల పక్కన కూర్చోబెట్టాను. చేతికి కర్ర, మెడకు నీళ్ళ సీసా. అక్కడి నుంచి వంద మీటర్ల పైన, చెక్క చట్రానికి బిగించిన దీపాలను పట్టాల మధ్య నిలబెట్టి, దాని వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాను. మంచు ఎంత చిక్కగా ఉందంటే ఆయన నాకు కనిపించడం లేదు.

పదకొండుంబావుకు కింది సొరంగం నోరు తెల్లబడింది. మీట నొక్కడం మొదలుపెట్టాను. రెండుసార్లు నిదానంగా, ఒకసారి చటుక్కున. బండి ముఖదీపాలు మూడూ మంచులో మసకగా పెరుగుతూ వచ్చాయి. కూత వేయలేదు. మనిషిని చూస్తే కూత వేసేది. కూత వేయలేదంటే నేను దానికి మనిషిలా కనపడలేదు, బండిలా కనపడుతున్నాను. ఇనుము మీద ఇనుము రాచుకున్న చప్పుడు, కాలిన వాసన. నాకు ఎనభై అడుగుల దూరంలో ఆగింది.

అనుకున్న దానికంటే ముందుకొచ్చి ఆగింది. అంటే ఇంజన్ ఆయన్ను దాటేసింది. ఆయన ఏ వ్యాగన్ దగ్గరున్నాడో, నిచ్చెన ఎంత దూరమో నాకు తెలియదు. పిలవలేను. లేచి చూడలేను. మీట వదిలితే బండి కదిలిపోతుంది. నొక్కుతూనే ఉన్నాను. బొటనవేలు మొద్దుబారితే చూపుడువేలుతో నొక్కాను. ఒకసారి లెక్క తప్పింది. ఇంజన్ లోపల ఏదో గుర్రుమంది. మళ్ళీ లెక్క అందుకున్నాను. అది సద్దుమణిగింది.

ఎంతసేపో తెలియదు. తర్వాత కెమెరా గడియారం చూస్తే పదకొండు నిమిషాలు. అప్పుడు మూడో వ్యాగన్ మీద, మంచులో, సగం మూసిన కన్నులాంటి దీపాలు రెండు వెలిగాయి. లోపల మనిషి కూర్చుంటే ఆ కార్లు వాటంతట అవే దీపాలు వేసుకుంటాయి.

మీట వదిలి, చట్రాన్ని లాక్కుని కొండ గోడ వైపు పడ్డాను. బండి కదిలింది. మూడో వ్యాగన్ నా ముందు నుంచే వెళ్ళింది. వరసగా చీకటి కార్లు, మధ్యలో ఒక్కటి వెలుగుతూ. సీటులో ఆయన తల వెనక్కి వాలి ఉంది. కళ్ళు తెరిచి ఉన్నాయో లేదో కనపడలేదు.

జూలై 20

పదిహేడు బండ్లు. ఫొటోలు తీస్తూనే ఉన్నాను. తీయకపోతే రోజుకు ఆకారం ఉండటం లేదు. పంపడానికి ఎవరూ లేరు.

గంజి, ఉప్పు. కొండ గోడ నుంచి కారే నీళ్ళు.

జూలై 22

నేనే ఎక్కేద్దామని చూశాను. మీటకు రాయి కట్టి, దారంతో లాగి వదిలే ఏర్పాటు చేశాను. మిణుకు బాగానే కుదిరింది. కార్ల బండి వచ్చింది, వేగం కాస్త తగ్గించింది, ఒక్కసారి కూత వేసి అలాగే వచ్చేసింది. చట్రం ముక్కలైపోయింది. సాయంత్రం వెళ్ళిన బండ్లన్నీ సరిగ్గా ఆ చోటికి రాగానే కూత వేశాయి. ఒకసారి మోసపోయిన బండి మిగతా అన్నిటికీ చెప్పేసింది. ఇక్కడ కనిపించే ఎర్రదీపాలు ఇక ఏ బండికీ బండి కాదు.

జూలై 25

ఆయన బతికి ఉంటే ఈపాటికి చెప్పి ఉండాలి. చెప్పలేదంటే ఒకటే కారణం అనుకున్నాను. తర్వాత రెండో కారణం కూడా తట్టింది. చెప్పకపోవడానికి ఆయనకు హక్కుంది.

ఆ రెంటిలో ఏది నిజమైతే బాగుంటుందో రోజంతా ఆలోచించాను. రెండోదే.

జూలై 29

మధ్యాహ్నం పై సొరంగంలోంచి పసుపు రంగు తనిఖీ కారు వచ్చింది. నాలుగు చక్రాలది, పట్టాల మీద నడిచేది. ఆగింది. పర్యవేక్షకుడు జోగారావు గారు దిగారు. చేతిలో పలక చూసుకుని, నన్ను చూసి, మళ్ళీ పలక చూసుకున్నారు.

"ఇక్కడ ఎవరూ లేరని ఉందమ్మా," అన్నారు.

"నేనున్నానండీ."

"అదే కదా చిక్కు. లేని మనిషి కోసం బండి ఆపడానికి రూల్ లేదు. బుద్రయ్య మొదటి రోజే చెప్పాడు, జ్వరంలో కూడా చెబుతూనే ఉన్నాడు. ఆర్డరు తెచ్చుకోడానికి పన్నెండు రోజులు పట్టింది."

జోగారావు గారే చెయ్యిచ్చి ఎక్కించారు.

ఆగస్టు 2

గిరిపేట ఆసుపత్రి. బుద్రయ్యన్నకు కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. మంచం మీద కూర్చుని కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు. చిక్కిపోయాడు.

నా చేతిలో జోగారావు గారిచ్చిన కాగితం ఉంది. యంత్రలోపం వల్ల ఇద్దరు ఉద్యోగులు గూటిలో మిగిలిపోయారని రాసి ఉంది. కింద సంతకాలకు రెండు చోట్లు. ఒకదానిలో బుద్రయ్యన్న వేలిముద్ర అప్పటికే ఉంది.

"నేను దీని మీద సంతకం పెట్టను బుద్రయ్యన్నా. జరిగింది జరిగినట్టు రాసిస్తాను. కబురు నాకొచ్చింది, నేనే దాచానని."

"రాస్తే ఏటవుద్ది?"

"ఉద్యోగం పోతుంది. పోనీ. కేసు పెడితే పెట్టనీ."

ఆయన కిటికీ నుంచి ముఖం తిప్పాడు. "నీ గురించి కాదు. యంత్రం తప్పయితే ఆఫీసోళ్ళు కాలు పెడతారట. నడిసీ కాలు, కొండెక్కీ కాలు. మనిసి తప్పయితే ఆళ్ళకి పూచీ లేదట. జోగారావు గారు రెండు పాలి సెప్పినారు. అందుకే ఏలిముద్ర ఏసినాను."

నేను కాగితం మీది వేలిముద్ర వైపు చూశాను.

"నీ గుండెలో బరువు దించుకోడానికి నా కాలు మళ్ళీ తీసీస్తావేటి?"

కాగితం ఆయన మంచం అంచు మీదే పెట్టి సంతకం చేశాను. పేరు మొత్తం రాశాను, గేదెల వరహాలమ్మ. అక్షరాలు వంకరగా వచ్చాయి. ఆయన కాగితం తీసుకుని సంతకం ఆరిందో లేదో వేలితో తడిమి, మడిచి దిండు కింద పెట్టుకున్నాడు.

"సంతకం ఏరు, మన సంగతి ఏరు," అన్నాడు. "నాను మరిసిపోలేదు. మరిసిపోయినానని అనుకోకు."

"అనుకోను."

మంచం పక్కనే కూర్చున్నాను. నర్సు వచ్చి కట్టు మార్చింది. చూడలేక లేవబోతే ఆయన కూర్చోమన్నట్టు చెయ్యి చూపించాడు. కూర్చుని, చూశాను. కట్టు మార్చడం అయిపోయాక ఆయన కళ్ళు మూసుకుని అడిగాడు.

"రేపొస్తావా?"

నేను జవాబు చెప్పేలోపే ఆయనే అన్నాడు. "వస్తావులే. రాకుండా ఎక్కడికెల్తావు."

వస్తానన్నాను.